హోమ్ సైన్స్ చదివిన మనిషి

మొన్న నార్తాంప్టన్‌లో ఒక మిత్రుడింటికి భోజనానికి వెళ్తే, వాళ్లమ్మాయి మెడికల్ స్కూలు దరఖాస్తు ముందేసుకుని కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "అంకుల్, సైకాలజీ సైన్సా, కాదా?" అని అడిగింది. యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. "చేశాను. ఒకళ్లు అవునన్నారు, ఒకళ్లు కాదన్నారు, ఇంకొకళ్లు సగం అన్నారు," అంది. వాళ్ల నాన్న పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బర్మింగ్‌హామ్‌లో కొన్నేళ్ల కిందట ఎరిగిన ఒకావిడ గుర్తొచ్చి, కంచంలో అన్నం చల్లారేదాకా అలాగే ఉండిపోయాను.

ఆవిడ పేరు రాయను. రాయొచ్చా అని అడిగే వీలు ఇప్పుడు లేదు. భర్త కాంట్రాక్టు ముగిసి వాళ్లు ఇంగ్లండు దక్షిణాన ఏదో ఊరికి మారిపోయాక ఫోన్లు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.

ఆవిడది అనంతపురం వైపు. నేను కృష్ణా జిల్లావాణ్ణి; మా వైపు పెద్దవాళ్లతో 'మీరు' తప్పదు. ఆవిడకు మాత్రం 'అన్నా' అన్న పిలుపులోనే గౌరవమంతా సరిపోయేది, ఆ తర్వాత ధారాళంగా 'నువ్వు' అనేది. మొదట్లో చెవికి కొంచెం తగిలినా కొన్నాళ్లకు అలవాటైపోయింది. నా భార్య అక్కడి హాస్పిటల్లో డాక్టరు. ఆవిడ అదే హాస్పిటల్లో డయెటీషియన్ల దగ్గర అసిస్టెంటు. ఏ వార్డులో ఎవరు ఏం తింటున్నారు, ఏం వదిలేస్తున్నారు చూసి చెప్పడం ఆవిడ పని. అలా మాకు పరిచయం. నేను అప్పటికి హైదరాబాదులో దినపత్రిక డెస్కు వదిలేసి వచ్చి, బర్మింగ్‌హామ్‌లో ఒక చిన్న వారపత్రికకు ప్రూఫులు చూస్తున్నాను. పేపరువాళ్లకు ఏదైనా రాయడం వస్తుందని ఆవిడ నమ్మకం. ఉత్తరాలు దిద్దించుకోవడానికి వచ్చేది.

మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు బాగా గుర్తు. నా భార్య టీ పెడుతుంటే, "నేను చేస్తా వదినా, నువ్వు డ్యూటీ చేసి వచ్చినావు" అని ముందుకొచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పాలు గాజు కొలతపాత్రలో పోసి, దాన్ని బల్ల మీద పెట్టి, తను మోకాళ్లు వంచి కిందికి దిగింది. కళ్లు పాల మట్టానికి సమానంగా వచ్చేదాకా దిగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఏం చూస్తున్నావమ్మా?" అన్నాను.

"కింది వంపు చూడాల అన్నా. పై అంచు చూస్తే కొలత తప్పు."

"టీకి కూడానా?"

"టీ ఏం పాపం చేసింది?"

ఆవిడ వంటింట్లో గరిటెతో ఎప్పుడూ రుచి చూడదు. ఒక బొట్టు అరచేతిలో వేసుకుని, పక్కకు తిరిగి నాలుకకు తాకించి, మళ్లీ చేయి కడుక్కుని వస్తుంది. ఎవరైనా ఒలిగలు, అంటే మా వైపు బొబ్బట్లు, ఎలా చేస్తారని అడిగితే, మన కాలేజీల్లో ప్రాక్టికల్ రికార్డు రాసే వరసలో చెప్పేది. ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేసే పద్ధతి, జాగ్రత్తలు, ఫలితం. జాగ్రత్తల దగ్గర చూపుడువేలు నిలబెట్టేది. "పూర్ణంలో తేమ ఎక్కువైతే ఒలిగ పగులుతుంది. రాసుకో వదినా, ఇది అందరూ చేసే తప్పు." నా భార్య ఆపరేషన్ థియేటర్లో ఎవరి మాటా వినని మనిషి. ఆవిడ ముందు నిజంగానే కాగితం తెచ్చుకుని రాసుకునేది.

ఆవిడ భర్త సాఫ్ట్‌వేర్. నెమ్మదస్తుడు, మాట తక్కువ. ఒకసారి నాతో అన్నాడు: "ఇంట్లో ప్రయోగాలన్నీ నా మీదే సార్. వేరే ఎలక లేదు."

ఇంతటి సైన్సు ఎక్కడిదంటే, ఆవిడ చదివింది బీఎస్సీ హోమ్ సైన్స్. ఇంటర్లో బైపీసీ తీసుకుని డాక్టరు కావాలని ఎంట్రన్సు రాస్తే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది కోచింగుకు పంపే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక మహిళా కాలేజీలో హోమ్ సైన్స్‌లో వేశారు. ఆ కోర్సు మీద మనవాళ్లకున్న అభిప్రాయం నేను చెప్పక్కర్లేదు. పెళ్లి కుదిరేదాకా ఆడపిల్లను కూర్చోబెట్టే చదువని. చేరిన కొత్తల్లో ఆవిడ అభిప్రాయమూ అదే. దాన్ని మార్చింది ఫిజియాలజీ చెప్పే ఒక మేడమ్. "వంటల క్లాసనుకుని వచ్చినోళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు" అని మొదలుపెట్టిందట మొదటి రోజే. ఎవరూ లేవలేదు. ఆ తర్వాత వాళ్లంతా తమ వేళ్లు తామే పొడుచుకుని మైక్రోస్కోపు కింద రక్తకణాలు లెక్కపెట్టారు. మూత్రంలో చక్కెర పరీక్ష చేసి, నీలం రంగు పచ్చబడి, పసుపై, ఇటుక రంగుకు తిరగడం చూశారు. మైక్రోబయాలజీ ప్రాక్టికల్‌కు ఈవిడ హాస్టల్ సాంబారు తీసుకెళ్లి గాజుపళ్లెంలో వేసి, అందులో పెరిగినవాటిని తీసుకెళ్లి వార్డెన్‌కు చూపించింది. వార్డెన్ సాంబారు మార్చలేదు, ఈవిడను మెస్ కమిటీలోంచి తీసేసింది. "జాగ్రత్తలు: వార్డెన్‌కు చూపరాదు" అని చెప్పి నవ్వేది.

బర్మింగ్‌హామ్ శివార్లలో ఒక హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్లం ఉగాది చేసుకునేవాళ్లం. డాక్టర్లంతా ఒకవైపు, సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఒకవైపు కూర్చోవడం ఎవరూ పెట్టని నియమం. ఆ ఏడాది ఉగాది పచ్చడి ఆవిడ చేసింది. ఒక పెద్ద డాక్టరు, చాలాకాలంగా ఇక్కడే ఉన్నాయన, పచ్చడి నాకుతూ గొంతు పెంచి అన్నాడు: "హోమ్ సైన్సా అమ్మా మీరు? మా ఆవిడా అదే. మా ఇంట్లో రోజూ ప్రాక్టికల్సే. ఫెయిలయిన ప్రాక్టికల్స్ నేనే తింటాను."

డాక్టర్ల వైపంతా నవ్వులు. ఆవిడ పచ్చడి గిన్నె చేత్తో పట్టుకునే నిలబడి, "మావి ఫెయిలైతే మీరు తింటారు. మీవి ఫెయిలైతే ఎవరు తినాల, డాక్టరుగారూ?" అంది.

ఈసారి సాఫ్ట్‌వేర్ వైపు నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఇంటికెళ్లే బస్సులో మాత్రం ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "మన వాళ్లకే తెలీకపోతే తెల్లోళ్లకు ఏం తెలుస్తుందన్నా," అంది. అప్పటికే దరఖాస్తు సంగతి ఆవిడ మనసులో పడి ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో ఇక్కడ కొన్ని మెడికల్ స్కూళ్లు గ్రాడ్యుయేట్లను చేర్చుకునే కొత్త కోర్సులు పెట్టాయి. వయసు పట్టింపు లేదు. హాస్పిటల్ క్యాంటీన్ గోడ మీద ప్రకటన చూసి, తన టీ బ్రేకులోనే నాకు ఫోన్ చేసింది. "ముప్పై దాటినోళ్లకు కూడా సీటిస్తారంటన్నా." అదే మాట మూడుసార్లు చెప్పింది. పదిహేడేళ్ల వయసులో పోయిన సీటు గురించి అంతవరకూ నవ్వుతూనే చెప్పేది. అది నవ్వులాట కాదని ఆ రోజు తెలిసింది. షరతు ఒకటే: సైన్స్ డిగ్రీ అయి ఉండాలి.

డిగ్రీలో చదివిన ప్రతి సబ్జెక్టూ రాసి, దాని ఎదురుగా అది సైన్సో కాదో గుర్తు పెట్టమన్నారు. మా భోజనాల బల్ల మీద కూర్చుని నింపాం. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ దగ్గర చర్చ లేదు. వస్త్రాల గురించి ఒక పేపరుంది. అదెందుకులే, వదిలేద్దామన్నాను.

"దారం కాల్చి, వాసన చూసి, బూడిద నలిపి, ఇది పత్తి, ఇది ఉన్ని, ఇది నైలాను అని చెప్పడం కెమిస్ట్రీ కాదా అన్నా?"

సైన్స్ అని పెట్టాం. ఆ తర్వాత హోమ్ మేనేజ్‌మెంట్ రెసిడెన్స్ వచ్చింది. ఆఖరి ఏడాది అమ్మాయిల్ని కాలేజీ ఆవరణలోనే ఒక ఇంట్లో ఉంచి, వంతులవారీగా ఆ ఇల్లు నడిపించేవారు. ఒకరు వంట, ఒకరు పద్దు, ఒకరు అతిథి మర్యాద. దానికీ మార్కులుండేవి.

"దీన్నేమందాం?" అన్నాను.

"ఇది కాదన్నా. ఇది సైన్స్ కాదని పెట్టేయ్. నాకు అబద్ధం వద్దు."

దరఖాస్తు పంపిన కొన్ని వారాలకు, అర్హత లేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆవిడ ఫోన్ చేసింది. ఆ సంభాషణను తర్వాత మా ఇంట్లో రెండు గొంతులతో అభినయించి చూపించింది. "అడ్మిషన్స్ ఆఫీసులో ఒక పెద్దామె తీసిందన్నా. మంచి మనిషే. మనం 'అమ్మా' అన్నట్లు నన్ను 'లవ్' అంటాది. 'సారీ లవ్, మా లిస్టులో నీ డిగ్రీ ఇంటి పనుల కింద ఉంది' అంటాది. లిస్టు ఎవరు చేసినారమ్మా అంటే తెలీదంట. తను వచ్చేటప్పటికే ఉందంట. నేను బయోకెమిస్ట్రీ చదివినాను అంటే, 'నేనూ స్కూల్లో హోమ్ సైన్స్ చేశాను లవ్, ఎంత బాగుండేదో, మొదటిసారి స్పాంజి కేకు చేసింది అక్కడే' అంటాది." అక్కడ ఆపి, మా ఆవిడ వైపు తిరిగింది. "కేకు, వదినా. రక్తకణాలు లెక్కపెట్టినానని చెప్తే కేకు అంటాది."

తప్పు ఆ పెద్దామెది కాదు. ఇక్కడి బళ్లలో ఆ పేరుతో చెప్పేది నిజంగానే వంటా కుట్టూ. మన దగ్గర దాని మీద ఒక డిగ్రీ, ఒక లాబరేటరీ, నిప్పులాంటి ఒక ఫిజియాలజీ మేడమ్ ఉంటారని వాళ్లకు తెలియదు. అయినా నాకు ఒళ్లు మండింది. డెస్కు మీద మేము కూడా వార్తల్ని పేజీలకు పంచేవాళ్లం. ఏ పేజీకీ ఒదగని వార్తలు పారేసేవాళ్లం. కానీ పారేసేముందు ఎవరో ఒకరు దాన్ని చివరిదాకా చదివేవారు.

ఆవిడ ఊరుకోలేదు. ఇండియాకు చవగ్గా మాట్లాడే స్క్రాచ్ కార్డు కొనుక్కుని అనంతపురం ఫోన్ చేసింది. ఆ ఫిజియాలజీ మేడమే అప్పటికి కాలేజీ ప్రిన్సిపాల్. సంగతి విని, "సైన్స్ కాదన్నారా? ఎవడన్నాడు?" అని అడిగిందట. నెల తిరక్కుండా లెటర్‌హెడ్ మీద మూడు పేజీల ఉత్తరం వచ్చింది. కింద గుండ్రటి స్టాంపు, ఆకుపచ్చ సిరా సంతకం. మా డిగ్రీ సంపూర్ణంగా, నిస్సందేహంగా సైన్సేనని మొదలుపెట్టి, పిల్లలచేత చేయించిన ప్రయోగాలన్నీ ఒక్కటీ వదలకుండా రాసింది. దారం కాల్చడం కూడా ఉంది. ఆ ఉత్తరం నాకిచ్చి చదవమని, చదువుతున్నంతసేపూ ఆవిడ నా మొహమే చూసింది. ఇంత గట్టి ఉత్తరం నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదని చెప్పాను. నిజమే చెప్పాను.

ఉత్తరం జతచేసి మళ్లీ పంపాం. మీ డిగ్రీ నాణ్యతను మేము శంకించడం లేదు, అయినా మా జాబితా ప్రకారం ముందుకు పోవాల్సి ఉంటుంది అని జవాబు. ఇంకో రెండు స్కూళ్లకు రాశాం. ఒకళ్లు అదే మాటన్నారు. ఒకళ్లు జవాబే ఇవ్వలేదు.

ఆ చలికాలమంతా ఆవిడ దగ్గర వేరే కబురు లేదు. బస్టాపులో కనబడినా అదే. "సైన్స్ అంటే ఏంది అన్నా? నువ్వు చెప్పు. చూసి, కొలిచి, రాసి, మళ్లీ చేస్తే అదే రావాల. అంతే కదా?" బస్సు వచ్చి ఆగేది. "మరి నేను చేసిందేంది?" అంటూ ఎక్కేది. డ్రైవరుకు పాస్ చూపిస్తూ కూడా వెనక్కి తిరిగి నా జవాబు కోసం చూసేది.

ఇంకో తోవ భర్త కనిపెట్టాడు. ఉత్తరాన ఒక మెడికల్ స్కూల్లో సైన్స్ చదవని గ్రాడ్యుయేట్లకోసం ఒక కోర్సుంది. ముందు ఒక సంవత్సరం సైన్స్ పాఠాలు చెప్పి, తర్వాత మెడిసిన్‌లో చేర్చుకుంటారు. చరిత్ర చదివినవాళ్లు, సంగీతం చదివినవాళ్లు, లాయర్లు వస్తారు. షరతు ఒకటే: సైన్స్ డిగ్రీ అయి ఉండకూడదు. ఆ రోజు వాళ్ల ఫ్లాట్‌లో నేనూ ఉన్నాను.

"వాళ్లు సైన్స్ కాదన్నారు కదా. కాదనే రాసెయ్," అన్నాడు ఆయన.

"ఎవరు కాదన్నారు?"

"ఆ యూనివర్సిటీవాళ్లే."

"వాళ్లంటే నేనంటానా?"

"సీటు కావాలా, సైన్స్ కావాలా నీకు?" ఆయన గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే. వెంటనే తగ్గించాడు. "ఒక్క గుర్తు. ఆ గుర్తు పెట్టేస్తే అయిదారేళ్లలో నువ్వు డాక్టరువి. ఆ తర్వాత ఏది సైన్సో నువ్వే చెప్పొచ్చు వాళ్లకి."

ఆవిడ నా వైపు చూసింది. నాకూ ఆయన మాటే సబబనిపించింది. ఒక దేశంలో రెండు ఆఫీసులు. మొదటిది కాదన్నదాన్ని రెండోదానికి కాదనే చెప్పడంలో మోసమేముంది? అదే అన్నాను. ఆవిడ ఆ రోజు ఒప్పుకోలేదు. కొన్నాళ్లు మా ఇంటికి రాలేదు కూడా. ఒక ఆదివారం వచ్చి, కోటు విప్పకుండానే, "పెట్టేసినా అన్నా," అంది. బయోకెమిస్ట్రీ ఎదురుగా కూడా కాదనే పెట్టిందట. "ఆ గుర్తు పెట్టేటప్పుడు మేడమ్ నా వెనక నిలబడినట్లే ఉండింది."

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

రైల్లో రెండు మూడు గంటల ప్రయాణం. భర్తకు ఆ రోజు సెలవు దొరకలేదు, వాళ్ల పాపను స్కూలునుంచి తెచ్చుకోవడం ఒకటుంది. నేను తోడు వెళ్లాను. ఆవిడ నీలం రంగు సూటు కొత్తగా కొనుక్కుంది, దానిమీద భర్త పాత కోటే. కిటికీలో పొలాలు, తడి గొర్రెలు. నోట్లోనే ఏదో వల్లిస్తోంది. ఏమిటని అడిగితే చెప్పింది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం: నాది సైన్స్ డిగ్రీ కాదండీ. దాన్ని రకరకాలుగా అనుకుంటోంది. మామూలుగా ఒకసారి, నవ్వుతూ ఒకసారి, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు ఒకసారి.

"ఎట్ల అన్నా మొహం మారిపోతాంది. తెలిసిపోతుందా వాళ్లకు?"

"తెలియదు. మామూలుగా అను."

"మామూలుగా అనేదానికే ప్రాక్టీసు." పెరుగన్నం డబ్బా తీసి నా ముందు పెట్టింది. తను తినలేదు.

ఆవిడ లోపలుండగా నేను బయట వరండాలో కూర్చున్నాను. పక్కన ఒక యువకుడు పొడవాటి వేళ్లతో మోకాలి మీద తాళం వేసుకుంటున్నాడు, పియానో చదివాడట. నావైపు చూసి నవ్వి, మీ అమ్మాయా అని అడిగాడు. చెల్లెలన్నాను. చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. నన్ను చూసి తలూపింది కానీ ఏ వైపుకూ అర్థమయ్యేట్టు ఊపలేదు. స్టేషన్ పక్కన టీ దుకాణంలో కూర్చున్నాక చెప్పింది.

ముగ్గురున్నారట. మధ్యలో ఒక ముసలి ప్రొఫెసరు. హాస్పిటల్ పని గురించి అడిగారు. భోజనం ముట్టని ఒక ముసలాయన సంగతి చెప్పింది. అందరూ ఆయనకు ఆకలి లేదని రాసేస్తుంటే, ఈవిడ పక్కన కూర్చుని చూసి, ఆయన కట్టుడుపళ్లు వదులయ్యాయని పట్టుకుంది. ప్రొఫెసరు పెన్ను కింద పెట్టి వింటున్నాడట. "సీటు వచ్చేసిందనుకున్నా అన్నా. నిజంగా."

ఆ తర్వాత ఆయన మర్యాదగా అడిగాడు, మీ డిగ్రీ గురించి మీ మాటల్లో చెప్పండి, అది సైన్సేనా అని.

"కాదన్నాను. రైల్లో అనుకున్నట్లే అన్నాను. బాగానే అన్నాను. ఇంటి గురించిన చదువు, వంట, కుట్లు, పిల్లల పెంపకం అని కూడా చెప్పినాను." కప్పును కొంచెం అవతలికి జరిపింది. "అప్పుడాయన ఫైల్లోంచి మేడమ్ ఉత్తరం తీసినాడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "అది వాళ్ల దగ్గరికెలా వెళ్లింది?"

"నేనే పంపినాను కదా. అన్నీ పెట్టినాను. టెన్త్ మార్కులు, ఇంటరు, టీసీ, కాండక్టు, మేడమ్ ఉత్తరం. అన్నిటికీ అటెస్టేషన్ చేయించి పెట్టినా. మనకు ఒక్క కాగితం తక్కువైతే ఫైలు వెనక్కొస్తుంది కదన్నా. తక్కువైతే తప్పు గానీ ఎక్కువైతే ఏమవుతుంది అనుకున్నా."

నేనైనా అలాగే పంపేవాణ్ణి. మన ఆఫీసుల ముందు క్యూలో నిలబడి పెరిగినవాళ్లెవరైనా అలాగే పంపేవారు.

ప్రొఫెసరు ఆ ఉత్తరం పైకి చదివాడట, అక్కడక్కడ ఆగి, మెచ్చుకుంటూ. రక్తకణాలు, చక్కెర పరీక్ష, గాజుపళ్లేలు. మీరు మరీ వినయంగా చెప్పుకుంటున్నారు, మీది మంచి సైన్స్ శిక్షణ అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. ఆ మొదటి సంవత్సరం లాబరేటరీ మొహం చూడనివాళ్లకోసం పెట్టింది, అది మీకిస్తే వాళ్లకు అన్యాయం అన్నాడు. మీలాంటివాళ్లకు సైన్స్ గ్రాడ్యుయేట్ల కోర్సులున్నాయి, వాటికి ప్రయత్నించండి అని, ఒక కాగితం మీద పేర్లు రాసిచ్చాడు. ఆ కాగితం ఆవిడ బల్ల మీద పెట్టింది. మొదటి పేరు, మమ్మల్ని మొదట తిప్పి పంపినవాళ్లదే.

"చెప్పలేదా ఆయనకు, వాళ్లు కాదన్నారని?"

"చెప్పినా. అది వాళ్ల లిస్టు, మాకు సంబంధం లేదన్నాడు." కాగితం మడుస్తూ అంది: "కాదని నోటితో అన్నాను కదన్నా. అయినా రాలేదు. అది అనకుండా రాకపోయినా బాగుండు."

రైలుకు ఇంకా సమయముంది. స్టేషన్ బయట ఫోన్ బూత్ చూసి, మేడమ్‌కు చెప్పాలంది. రేపు చెప్పొచ్చుకదా అన్నాను. "కాచుకుని ఉంటారన్నా. రోజూ అడుగుతాండారు." అనంతపురంలో అది రాత్రి భోజనాల వేళ. ఆవిడ కార్డు నంబర్లు నొక్కుతుంటే, సంచులతో బూత్‌లో చోటు చాలక నేను తలుపును కాలితో ఆపి నిలబడ్డాను. ఆ మేడమ్ గొంతు వెనక బెంచీకి వినిపించేలా అలవాటైన గొంతు. రిసీవరు దాటి నాదాకా వచ్చింది.

"ఏమే, అయిపోయిందా? నా ఉత్తరం చూసినారా?"

"చూసినారు మేడమ్. చదివినారు."

"మొత్తం?"

"మొత్తం మేడమ్. పైకి చదివినారు."

"ఏమన్నారు? ఒప్పుకున్నారా సైన్సని?"

"ఒప్పుకున్నారు మేడమ్. మంచి శిక్షణ అన్నారు."

అటువైపు పెద్ద నిట్టూర్పు. ఎవరితోనో, "ఒప్పుకున్నారంట" అని చెప్పడం కూడా వినిపించింది. "మరి సీటు?"

"ఆ సీటు సైన్స్ చదవనోళ్లకంట మేడమ్."

ఈసారి ఆ గొంతు నెమ్మదిగా వచ్చింది. "నువ్వేం చెప్పినావు వాళ్లకు?"

ఆవిడ నా వైపు చూడలేదు. బూత్ అద్దం మీద ఎవరో అంటించిన టాక్సీ కాగితం అంచును గోటితో గీకుతోంది.

"నేనూ సైన్సనే చెప్పినా మేడమ్."

"అట్లా చెప్పాల. పోతే పోనీ ఆ సీటు. ఇంకోచోటికి రాయి. ఈసారి ఇంకా వివరంగా రాసి పంపిస్తా. మీరు చేసిన ప్రాక్టికల్స్ రెండు మూడు మర్చిపోయినా అందులో. పంపించేదా?"

"పంపించండి మేడమ్," అంది ఆవిడ.